మా నాయనమ్మ ఓటు, మా నాన్న డ్రమ్ములు

మా నాయనమ్మ వెంకటరావమ్మ పురుగు తొలిచిన కూరగాయలే కొనేది. అద్దంకి సంతలో నిగనిగలాడే వంకాయలు గుట్టలు పోసుకున్న వాళ్లందరినీ దాటుకుంటూ వెళ్లి, చివర ఏరివేతలు ముందేసుకుని కూర్చున్న ఒక ముసలామె దగ్గర చతికిలబడేది. ఒక్కో కాయనీ ఎత్తి వెలుతురులో తిప్పి చూసేది. బెజ్జం కనిపిస్తే సంచిలో వేసేది, కనిపించకపోతే పక్కన పెట్టేది. చుట్టుపక్కల వాళ్లు పెద్దావిడకి చూపు ఆనడం లేదేమోనని జాలిపడి, అమ్మా అది పుచ్చింది అని చెప్పబోయేవాళ్లు. పురుగు తిని బతికింది గదా, నేనూ బతుకుతాలే అనేది ఆమె.

ఇంటికొచ్చాక ఆ పుచ్చులన్నీ కోసి తీసే పని మాత్రం నాది. సగం కాయలు పెంటలోకి పోయేవి. "నాయనమ్మా, ఈసారి ఉత్త పురుగుల్నే కొనుక్కురా, వంకాయలు వాళ్లనే ఉంచుకోమను" అంటే గరిటె విసిరేది. తగలకుండా విసరడం ఆమెకి బాగా వచ్చు.

సంతకి గుడ్డ సంచులు, నూనెకి గాజు సీసా, చేపలకి మూత ఉన్న సత్తు గిన్నె పట్టుకుపోయేది. కొట్టువాడు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తే సరుకు తీసుకుని కవరు వాడి బల్ల మీదే పెట్టి వచ్చేది. ఆమె వెనకాల నడవాలంటే నాకు సిగ్గుగా ఉండేది. నేను అప్పటికే పదో తరగతి రెండుసార్లు తప్పి ఇంట్లో ఉన్నాను కాబట్టి సిగ్గుపడే హక్కు నాకు లేదని ఆమె అభిప్రాయం.

ఓటు విషయంలోనూ ఆమెకొక పద్ధతి ఉండేది. మా తాత బతికున్నన్నాళ్లూ ఎన్నిక కాగానే ఎవరికి వేశావని అడిగేవాడట. ఆమె ఒక్కసారీ చెప్పలేదు. ఓట్లడగడానికి వచ్చినవాళ్లకి, ఏ పార్టీ అయినా సరే, ముందు ఒక గ్లాసుడు చెరువు నీళ్లు ఇచ్చేది. తాగితే మాట వినేది. 2004లో ఒక పెద్దమనిషి జీపు దిగి వచ్చి గ్లాసు అందుకుని, పెదాలకి ఆనించి, వెనకున్న కార్యకర్తకి అందించేశాడు. ఆ కార్యకర్త గటగటా తాగేశాడు. అతను నిలబడి ఉంటే అతనికే వేసేదాన్నని నాయనమ్మ వారం రోజులు బాధపడింది.

ఆ గ్లాసు ఎందుకో తెలియాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది అద్దంకి నుంచి దర్శి పోయే రోడ్డుకి రెండు మైళ్లు లోపల. ఎక్కడ బోరు వేసినా నీళ్లు పడతాయి గానీ అవి తాగితే పళ్లు పచ్చబడతాయి, నడివయసుకే మోకాళ్లు వంగిపోతాయి. ఫ్లోరైడు. మా తాత ఆఖరి పదేళ్లు నేలమీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు నడిచాడు. అందుకని ఊరికి తాగడానికి మంచినీళ్ల చెరువు ఒక్కటే దిక్కు. సాగర్ కాలవ వచ్చినప్పుడు తూము ఎత్తి చెరువు నింపుకుంటారు. అవి అడుగంటేలోపు మళ్లీ కాలవ వస్తుంది. నాయనమ్మ కాపరానికి వచ్చిన మర్నాటి నుంచి ఆ చెరువుకి రెండు బిందెలతో పోయి వచ్చేది. కట్ట మీద చెప్పులతో నడిచినవాళ్లని తిట్టేది. మెట్ల మీద పళ్లు తోముకున్నవాళ్లని వాళ్ల ఇంటిదాకా వెళ్లి మరీ తిట్టేది. ఆ చెరువు బాగుండాలన్నదే ఆమె రాజకీయం. ఇంకో రాజకీయం ఆమెకి తెలియదు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి మా పొలం దగ్గర మాత్రం నోరు మెదిపేది కాదు. నాలుగెకరాలూ ఆమె పుట్టింటివాళ్లు ఆమె పేరున రాసిచ్చినవే. సేద్యం మా నాన్న యలమందయ్యది. రెండెకరాలు పత్తి, రెండెకరాలు మిరప. నేను చిన్నగా ఉన్నప్పుడు ఒక ఏడు ఆమె మాట విని నాన్న మందు కొట్టడం తగ్గించాడు. ఆ ఏడు పచ్చపురుగు మాకు కాడలు మిగిల్చి పోయింది. ఆ తర్వాత ఆమె అడగలేదు, ఆయన వినలేదు. ఇంటి కారానికని దొడ్లో రెండు సాళ్ల మిరప మందు లేకుండా వేసుకునేవాళ్లం. ఊళ్లో అందరూ అంతే. తినేది వేరు, అమ్మేది వేరు.

2005 ఎండాకాలంలో లక్ష్మీకాంత్ ఊళ్లో వాటర్ ప్లాంట్ పెట్టాడు. ఇతను నాయనమ్మకి స్వయానా మేనల్లుడు, మా నాన్నకి బావ. అప్పటికే అతనికి పురుగుమందుల కొట్టు ఉంది. ఇప్పుడు నీళ్ల క్యాన్లు కూడా వచ్చాయి. పొద్దున మందు, సాయంత్రం మంచినీళ్లు, మా బంధువుకి రెండు చేతులా పని. ఆ ఏడే చెరువు నీళ్లలో ఏదో వాసన మొదలైంది. మిరపకి మందులు జోరుగా కొట్టే జనవరిలో ఒక పొద్దున చెరువు నిండా చేపలు తెల్లగా తేలాయి. పెద్దవి, చిన్నవి, అన్నీ ఒకేసారి. ఆ వారంలో సగం ఊరు క్యాన్లకి మళ్లింది.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆమె కూడా క్యాను కావాలంది. నాయనమ్మ ససేమిరా అంది. ఆమె వాదన ఇది. డబ్బున్న ఇళ్లన్నీ క్యాన్లు కొనుక్కుంటే ఇక చెరువు గురించి పంచాయతీలో అడిగే గొంతు ఉండదు. అడగడానికి ఊరవతల దళితుల పల్లెలోవాళ్లు మిగులుతారు, వాళ్లు అడిగితే వినేవాడు లేడు. మనం కొన్న ప్రతి క్యానూ చెరువు మీద వేసిన మట్టి అనేది. నీళ్లు వడగట్టి, కాచి, చల్లార్చి తాగండి, అంతేగానీ ఆ ప్లాంటు గడప తొక్కొద్దంది. ఇంట్లోనే కాదు, వీధివీధికీ తిరిగి చెప్పింది.

నేను ఊరుకుంటానా? ఒకరోజు ఆమె చేలోకి వెళ్లినప్పుడు క్యాను తెప్పించి కుండలో పోశాను. చెరువు నీళ్లు ఎంత బాగున్నాయో చూడు అంటుందనీ, అప్పుడు అందరి ముందూ ఏడిపించొచ్చనీ ఆశ. ఆమె వచ్చి చెంబు ముంచి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, నా వంక చూస్తూ, తీరిగ్గా నడిచి వెళ్లి గేటు బయట ఉమ్మేసి వచ్చింది. ఈ నీళ్లకి ప్రాణం లేదు, ఎక్కడివని అడిగింది. శిక్షగా పది రోజులు అమ్మ మోయాల్సిన రెండు బిందెలూ నేనే మోశాను. మా అమ్మ మోకాళ్లకి నా వల్ల జరిగిన మేలు అదొక్కటే.

ఆ మరుసటి శ్రావణంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. లక్ష్మీకాంత్ సర్పంచికి నామినేషన్ వేశాడు. అతని మీద ఎవరూ నిలబడరని అందరూ అనుకుంటుండగా పల్లెలోని ఆదాం వేశాడు.

ఆదాం పన్నెండేళ్లు మా చేలో మందు కొట్టాడు. మా ఒక్కరికే కాదు, పంపు వీపున వేసుకుని ఊళ్లో సగం చేలు అతనే తిరిగేవాడు. అంతకుముందు చలికాలంలో మిరప సాళ్ల మధ్య నురగలు కక్కుకుని పడిపోతే ఒంగోలు ఆసుపత్రిలో వారం ఉంచారు. బయటికి వచ్చాక పంపు ముట్టుకోలేదు. చెరువులోకి మందు నీళ్లు రాకుండా చూస్తాను, కావలి మనిషిని పెట్టిస్తాను, నాకు ఓటేయండి అని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. మా ఇంటికీ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి ఆ మాట చెప్పాడు. నాయనమ్మ చెంబెడు చెరువు నీళ్లు ఇచ్చింది. అతను తాగాడు. ముప్పై ఏళ్లుగా తను ఒక్కతే వాగుతున్న మాట ఇంకొకరి నోట్లోంచి వినబడేసరికి ఆమె అడక్కుండానే ఇంకో చెంబు ముంచి తెచ్చింది. అది చూసిన అదృష్టం నాదే.

మర్నాడే లక్ష్మీకాంత్ వచ్చాడు, ఆటోలో రెండు క్యాన్లతో.

"అత్తా, నెల రోజులు ఊరందరికీ నీళ్లు ఊరికే. మీ ఇంటికి నేనే స్వయంగా తెచ్చా."

"నెల తర్వాత?"

"నెల తర్వాత పంచాయతీ మనదేగా. చెరువు కూడా బాగుచేయిద్దాంలే."

"చెరువు బాగుపడితే నీ క్యాన్లు ఎవడు కొంటాడ్రా?" అంది నాయనమ్మ.

అతను నవ్వి, మా నాన్న భుజం మీద చెయ్యేసి, అత్త సంగతి నువ్వు చూసుకో బావా అని వెళ్లిపోయాడు. ఆ రెండు క్యాన్లనీ నాయనమ్మ గేదెల తొట్టిలో ఒంపింది. గేదెలకి ఓటు లేదు కాబట్టి తప్పులేదంది. గేదెలు ఏ పట్టింపూ లేకుండా తాగేశాయి.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె మా వీధిలో ఆదాముకి ఓట్లడిగింది. పుట్టి బుద్ధెరిగి పల్లె మనిషిని గారు అనని నోటితో 'ఆదాంగారు' అనడం నేర్చుకుంది. మొదటి నాలుగు రోజులూ ఆ గారు దగ్గర గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు ఆగేది. ఇంట్లో మళ్లీ ఆదాముగాడే. నేను వెక్కిరిస్తే, బయట అలవాటయ్యాక ఇంట్లోకి తెస్తానులే అంది. మా నాన్న అన్నం ముందు కూర్చుని కూడా అరిచేవాడు. మేనల్లుణ్ణి కాదని, మన చేలో కూలి చేసినవాడి వెంట తిరుగుతావా, నేను ఊళ్లో తలెత్తుకోవాలా వద్దా అని. ఆమె ఇంకాస్త పప్పు వేసేది. అలా తిరిగి తిరిగి మా వీధిలో ఓ నలభై ఇళ్లని ఒప్పించింది. ఎక్కువగా ఆడవాళ్లని. ఊళ్లో ఉన్నవి పదకొండు వందల ఓట్లు. పల్లె ఓట్లకి ఈ నలభై ఇళ్లు కలిస్తే ఆదాం గెలిచేటట్టే ఉన్నాడని లక్ష్మీకాంత్ మనుషులే అనుకోసాగారు.

పోలింగుకి నాలుగు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, మా అరుగు మీద పదిపన్నెండు మంది చేరారు. ఆదాం, అతని భార్య కూడా వచ్చారు. మాటల్లో చచ్చిన చేపల సంగతి వచ్చింది. అవి వ్యాధితో చచ్చాయని లక్ష్మీకాంత్ చెబుతున్నాడని ఎవరో అన్నారు. నాయనమ్మకి కోపం వచ్చింది. ఎవడో చెరువు మెట్ల మీద మందు కలిపిన డ్రమ్ములు కడుగుతున్నాడు, వాడెవడో నాకు తెలియాలి అంది. ఆదాం వైపు తిరిగి, ఊళ్లో అందరి చేలల్లో మందు కొట్టినవాడివి నువ్వు, నీకు తెలియకుండా ఉండదు, పేరు చెప్పమంది. ఎన్నికలు కానివ్వండమ్మా అన్నాడు అతను. ఆమె మళ్లీ అడిగింది. అతను తల వంచుకున్నాడు. మా నాయనమ్మకి ఉన్న పెద్ద జబ్బు ఏమిటంటే ఒక ప్రశ్న పట్టుకుంటే వదలదు.

"పేరు చెప్పడానికే భయపడేవాడివి సర్పంచివై ఏం చేస్తావురా?" అంది. ఆ కోపంలో గారు ఎగిరిపోయింది.

అతని భార్య వెనక నుంచి చొక్కా లాగడం నాకు కనిపించింది. ఆదాం నేలవైపే చూస్తూ చెప్పాడు.

"మెట్ల మీద ఎవరూ కడగరమ్మా. కాలవలో కడుగుతారు. తూముకి పైన."

"ఎవరు?"

"మీ డ్రమ్ములు నేనే కడిగానమ్మా, పన్నెండేళ్లు. పారే నీళ్లల్లో కడుక్కురమ్మని మీరే గదా చెప్పింది. మిమ్మల్ని చూసి మిగతావాళ్లూ అక్కడికే తెస్తన్నారు."



అది నిజమే. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో దూడ ఒకటి చచ్చిపోయింది. బోరింగు దగ్గర కడిగిన డ్రమ్ము నీళ్లు గుంటలో నిలిస్తే అది తాగింది. నాయనమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చిందట. ఆ రోజు నుంచి మందు డ్రమ్ము ఇంటికి రాకూడదు, నిలవ నీళ్ల దగ్గర కడగకూడదు, కాలవలో పారే నీళ్లల్లోనే కడగాలి అని కట్టడి పెట్టింది. పారే నీళ్లకి ఏ మైలా అంటదని ఆమె నమ్మకం. మా చేను కాలవ గట్టునే ఉంది. వెంకటరావమ్మ శుభ్రం అంటే అలా ఉండాలని ఊళ్లో చెప్పుకునేవాళ్లు, అక్కడే కడగడం వాళ్లూ నేర్చుకున్నారు. కాలవ ముందుకి పోతుంది, నిజమే. కానీ చెరువు తూము మా చేనుకి రెండు ఫర్లాంగుల కిందనే ఉంది. అది ఎత్తినప్పుడు ముందు చెరువులోకి వచ్చేది మా చేను ముందునుంచి పోయిన నీళ్లే.

నాయనమ్మ నా వైపు చూసింది. ఇదీ నా అల్లరేమో, ఇప్పుడు నవ్వుతానేమో అని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను నవ్వలేదు.

ఒకరొకరుగా లేచి వెళ్లిపోయారు. ఆదాం మాత్రం నిలబడే ఉన్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని నాయనమ్మ అడిగింది, చాలా మెల్లిగా. నాకూ పారే నీళ్లేగా అనే అనిపించిందమ్మా, ఆసుపత్రిలో పడుకున్నాకే ఇవన్నీ తలకెక్కినయ్యి అన్నాడు. తెలిసినా చెబితే పన్లో ఉంచుకునేవాళ్లా అని కూడా అన్నాడు.  మా నాన్న లోపలినుంచి అన్నీ విన్నాడు. బయటికి రాలేదు.

పొద్దున్నే లక్ష్మీకాంత్ ఆటోలో మైకు మోగింది. చెరువులో విషం కలిపినవాళ్లూ, కలిపించినవాళ్లూ ఒకటై మీ ఇంటికి ఓటు అడగడానికి వస్తున్నారు, గుర్తుపట్టండి అని. మా ఇంటి ముందు ఆటో కాస్త నెమ్మదించింది కూడా. మా నాన్న తలుపు దగ్గరగా వేసి, ఈ నాలుగు రోజులూ గడప దాటొద్దని నాయనమ్మకి చెప్పాడు. ఆమె తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, తలుపు తీసుకుని బయటికి నడిచింది. నేను గొడుగు పట్టుకుని వెనక పరిగెత్తాను.

ఆ నలభై ఇళ్లకీ మళ్లీ వెళ్లింది. ప్రతి గుమ్మంలోనూ అవే మాటలు చెప్పింది. డ్రమ్ములు మావే. కాలవలో కడగమన్నది నేనే. చెప్పకుండా ఉంటే ఆదాం గెలిచేవాడు, అయినా చెప్పాడు. అందుకే అతనికి వేయండి. కొందరు తలుపు సగమే తీశారు. కొందరు లోపలికి రమ్మని కూర్చోబెట్టి, ఆమె వెళ్లాక నవ్వుకున్నారు. ఆ నవ్వు మాకు వినిపించింది. నేను వెనక్కి తిరగబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒకాయన, ఇంత వయసులో నీకెందుకమ్మా ఈ బాధ అని నిజంగానే జాలిపడ్డాడు. అది నవ్వుకంటే ఆమెకి ఎక్కువ తగిలింది.

మూడో రోజు కలీం ఇంటికి వెళ్లాం. కలీం మా వీధి చివర సైకిళ్లు బాగుచేస్తాడు. అతని భార్య నసీమున్నీసా నాయనమ్మంటే ప్రాణం పెట్టేది. మొదటిసారి వెళ్లినప్పుడు, మీరు చెప్పాలా అమ్మా, మా రెండు ఓట్లూ ఆదాముకే అంది. ఈసారి నాయనమ్మ చెప్పినదంతా గుమ్మానికి ఆనుకుని వింది. అంతా విన్నాక ఒక్కమాట అడిగింది.

"చేపలు చచ్చిన నెల్లో మా పిల్లాడికి వాంతులు పట్టుకున్నప్పుడు మేం క్యాను కొందామనుకున్నాం గదమ్మా. చెరువు నీళ్లే పట్టు, కాచి పట్టు అని మీరే గదా చెప్పారు?"

కాచితే పోయేది కాదు ఆ మందు. అది మాకు అప్పుడు తెలియదు. నాయనమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది.  నాకు తెలిసిన వెక్కిరింతలన్నీ ఆ గుమ్మంలో పనికిరాకుండా పోయాయి. నసీమున్నీసాయే లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. క్యాను నీళ్లు. నాయనమ్మ ఆ గ్లాసు రెండు చేతులా పట్టుకుని మొత్తం తాగింది. పిల్లాడు ఇప్పుడు ఎట్టా ఉన్నాడని అడిగింది. బళ్లోకి పోయాడమ్మా, బాగానే ఉన్నాడు అంది ఆమె. 

ఇంటికొచ్చి మా అమ్మతో, రేపటి నుంచి క్యాను తెప్పించుకో అంది. ఆరేడు నెలలుగా దానికోసం పోరిన మా అమ్మకి సంతోషం రావాలి. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈ అత్తాకోడళ్లకి ఏది కావాలో దేవుడికి కూడా అర్థం కాదు.

పోలింగు రోజు నాయనమ్మ అందరికంటే ముందు వెళ్లి వరసలో నిలబడింది. మా నాన్న ఆమె వెనక నాలుగో మనిషి. నేను మా బావకే వేస్తున్నానని వరసలో అందరికీ వినబడేలా చెప్పాడు. సాయంత్రం బడిలోనే లెక్కపెట్టారు. ఆదాం ఇరవై మూడు ఓట్లతో ఓడిపోయాడు. టపాకాయలు మా ఇంటి ముందే కాల్చారు.

ఆదాం వారంలోగా చిలకలూరిపేటలో నూలుమిల్లు పనికి కుదిరి, భార్యని తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఒకసారి వచ్చాడు. నాయనమ్మ కుర్చీ వేయించింది. మా ఇంట్లో అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. నేను నిన్ను పిరికివాడివని అనకుండా ఉంటే నువ్వు చెప్పేవాడివి కాదు, గెలిచేవాడివి, ఆదాంగారూ అంది. ఇంట్లో ఆమె ఆ గారు వాడింది అప్పుడే. గెలిచాక చెప్పాల్సి వచ్చేదమ్మా అన్నాడు అతను. అది నిజమో, ఆమె తేలికపడాలని అన్నాడో నాకిప్పటికీ తెలియదు.

మిరప నాట్లు అయ్యాయి. మందులు మొదలయ్యాయి. డ్రమ్ము కడిగిన నీళ్లు మన చేలోనే, మన గట్ల లోపలే పోయాలని నాయనమ్మ నాన్నకి చెప్పింది. పోస్తే మిరప మాడిపోతుంది, నీకు మతి పోయిందా అన్నాడు ఆయన. ఆమె గొడుగు వేసుకుని వెళ్లి కాలవ గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. డ్రమ్ములు తెచ్చినవాళ్లు ఆమెని చూసి నవ్వుతూ వెనక్కి పోయేవాళ్లు. ఆమె అన్నానికి లేవగానే మళ్లీ వచ్చేవాళ్లు. నాయనమ్మా, నువ్వు కూర్చున్నంతసేపూ కాలవ పవిత్రమే, నీ ఆకలే చెరువుకి ప్రమాదం అని నేనన్నాను. అయితే క్యారేజీ ఇక్కడికే పట్రా అంది. నోరు జారినందుకు రోజూ రెండు మైళ్లు నడవాల్సి వచ్చింది.

అలా క్యారేజీ పట్టుకెళ్లిన ఒక మధ్యాహ్నం చూస్తే ఆమె గొడుగు కింద కునుకుతోంది. పది బారల అవతల కాలవలోకి దిగి మా నాన్న డ్రమ్ము కడుగుతున్నాడు. నన్ను చూసి చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నీళ్లు తెల్లగా, పాల విరుగుడులా కిందికి పోతున్నాయి. తూము ఎత్తి ఉన్న రోజులవి. నేను చెప్పనక్కర లేకపోయింది. వాసనకి ఆమెకే మెలకువ వచ్చింది.

ఆమె అరవలేదు. పొలం కాగితాలు నా పేర ఉన్నాయి యలమందా, ఇంకొక్కసారి డ్రమ్ము కాలవలో దిగితే వచ్చే ఏడు ఈ చేలో మిరపా ఉండదు, పత్తీ ఉండదు, జొన్న చల్లిస్తాను, గంజి తాగి బతుకుదాం అంది. కాగితాల మాట ఆమె నోట్లోంచి నలభై ఏళ్లలో రాలేదు. మా నాన్న డ్రమ్ము భుజాన వేసుకుని గట్టెక్కి చేలోకి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టమని కూడా నా చేత చెప్పించేవాడు. వాళ్లిద్దరి మధ్యా రాయబారం మోసి మోసి నేను పదో తరగతి చదువులో నేర్వని ఓపిక నేర్చుకున్నాను.

కానీ మాట విన్నాడు, కసితోనే విన్నాడు. మందు కొట్టిన ప్రతిసారీ డ్రమ్ము కడిగిన నీళ్లన్నీ తెచ్చి, ఆమె చేలోకి వచ్చే దారి పక్కనే, ఒకే మూలలో కుమ్మరించేవాడు. కలుపు మందు నీళ్లు, పురుగు మందు నీళ్లు, తెగులు మందు నీళ్లు, అన్నీ అక్కడే. మిగతా రైతులు ఎవరూ ఆ పని చేయలేదు. వాళ్ల డ్రమ్ములు కాలవలోనే మునిగాయి. చెరువు ఆ ఏడూ వాసన కొట్టింది.

జనవరి ఆఖర్లో కాయ కోతకి చేలోకి వెళ్లాం. చేనంతా ఎర్రగా ఉంది. ఆ మూల మాత్రం ఏడు సాళ్లు మాడి నల్లగా నిలబడ్డాయి. ఆకు లేదు, కాయ లేదు. కింద గడ్డి కూడా లేదు. నాయనమ్మ చాలాసేపు చూసింది. ఒక మొక్కని పట్టుకుని లాగబోతే, లాగకుండానే చేతిలోకి వచ్చేసింది. వేరు దగ్గర మట్టి తెల్లగా పొక్కులు లేచి ఉంది.

మా నాన్న గోతం పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. చూడు, నీ మాట విన్నందుకు ఏమైందో చూడు అని మొహం పెట్టి, ఆ మాట అనడానికే నాలుగు నెలలుగా ఎదురుచూసినట్టు ఉన్నాడు.

"ఇదంతా చెరువులోకి పోయేదా?" అని అడిగింది నాయనమ్మ, ఎవరినీ చూడకుండా.

మా నాన్న ఆ సాళ్ల వంక చూశాడు. మొహంలో ఉన్న గెలుపు కాస్త కాస్తగా దిగిపోయింది. నాలుగు నెలల తర్వాత ఆమెతో నేరుగా మాట్లాడాడు.

"పన్నెండేళ్లు పోయింది గదమ్మా."